లీడరు మారితేనే సంఘం అందరిది

నరసన్నపేట వంటి మండలాల్లో పది పన్నెండు మంది మహిళలు కలిసి పొదుపు సంఘం కట్టుకుంటారు. ఇద్దరిని లీడర్లుగా ఎన్నుకుంటారు. 1982లో మొదలైన డ్వాక్రా పథకం నుంచి ఎదిగిన ఈ సంఘాలు, 2000లో వచ్చిన వెలుగు ప్రాజెక్టుతో గ్రామ సంఘాలుగా, మండల సమాఖ్యలుగా అల్లుకున్నాయి. క్రమం తప్పని సమావేశం, పొదుపు, అంతర్గత అప్పు, సకాలంలో చెల్లింపు, సరైన లెక్కలు అనే పంచసూత్రాలే వీటికి పునాది.

చదువుకుని, బ్యాంకు పనులు తెలిసినవారే లీడరు కావాలన్న అలవాటు ముదిరితే ఒకరే ఏళ్ల తరబడి కొనసాగుతారు. మిగిలినవారు సంతకానికో వేలిముద్రకో పరిమితమవుతారు. కూలికి వెళ్లేవారు, ఒంటరి మహిళలు, దివ్యాంగులు వెనకబడిపోతారు.

దీనికి విరుగుడు సంఘం చేతిలోనే ఉంది. లీడర్లను వంతులవారీగా మార్చాలి. కొత్తవారికి బ్యాంకు పని నేర్పాలి. లెక్కల పుస్తకాన్ని అందరికీ చదివి వినిపించాలి. సమావేశం కూలి పని ముగిశాకే పెట్టాలి. 2011లో మొదలైన జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ ఐదుగురు దివ్యాంగులున్నా సంఘం కట్టుకునే వీలు కల్పించింది. చివరి వరుసలో కూర్చున్న సభ్యురాలి మాట కూడా తీర్మానంలో చేరినప్పుడే సంఘం అందరిదవుతుంది.