ఉప్పు వేస్తే చాలా?



“ఉప్పు వేశాం, ఇంకేం చెడుతుంది?” అంటారు చాలామంది. ఈ మాటలో సగమే నిజం.

ఉప్పు చేసే పని ఒక్కటే. నీటిని లాగేస్తుంది. చేప ముక్కకు ఉప్పు రాసి పెడితే అడుగున నీరు దిగుతుంది కదా! క్రిమికి కూడా నీరు కావాలి. నీరు అందకపోతే పెరగదు. కానీ చాలా క్రిములు చావవు. మళ్లీ తడి తగిలే దాకా కాచుకుని కూర్చుంటాయి.

వానాకాలంలో డబ్బాలో ఉప్పు నీరు కారుతుంది. గాలిలోని చెమ్మను ఉప్పే పీల్చుకుంటుంది. అందుకే పార్వతీపురం చుట్టుపక్కల కొండల్లో వానలు పడితే ఇంట్లో ఎండు చేపలు మెత్తబడతాయి. మెత్తబడ్డాయంటే క్రిమికి నీరు దొరికినట్టే. ఎండ రాగానే మళ్లీ ఎండబెట్టాలి. వాసన మారితే పారెయ్యాలి.

ఉప్పంటే ఇష్టపడే క్రిములూ ఉన్నాయి. ఎండు చేప మీద గులాబీ రంగు మచ్చలు వస్తాయి చూడండి, అవి వాటి పనే. సముద్రపు నీటిని మళ్లలో ఎండగట్టి తీసిన కల్లుప్పుతోనే అవి చేప మీదికి వస్తాయి. జిగురు, ఎర్ర మచ్చ ఉన్న చేపను సంతలో ఎంత చవగ్గా ఇచ్చినా కొనకండి.

చేతి పుండులో ఉండే క్రిమి ఇంకా మొండిది. ఉప్పు చేపంత ఉప్పులోనూ పెరుగుతుంది. విషం వదులుతుంది. ఆ విషం వండినా పోదు. తిన్న కొద్ది గంటల్లోనే వాంతులు. చేతికి పుండు ఉంటే చేపకు ఉప్పు రాసే పని ఇంకొకరికి ఇవ్వాలి.

ఇక వెదురు కొమ్ములు. థాయిలాండ్‌లో నాన్ అనే జిల్లా ఉంది. అక్కడా కొండలే, అక్కడా వెదురు కొమ్ములు తింటారు. 2006 మార్చిలో ఒక పండుగలో, డబ్బాల్లో మూత బిగించి నిల్వచేసిన కొమ్ములు తిని 209 మంది జబ్బుపడ్డారు. ఊపిరి ఆడక 40 మందికి పైగా మిషను పెట్టాల్సి వచ్చింది.

ఈ క్రిమి గింజ లాంటి రూపంలో మట్టిలో ఉంటుంది. మామూలుగా ఉడికిస్తే ఆ గింజ చావదు. గాలి లేని చోట, పులుపు లేని చోట మొలకెత్తి విషం చేస్తుంది. ఉప్పుతోనే ఆపాలంటే లీటరు నీటికి 100 గ్రాములకు పైగా పడాలి. అంత ఉప్పు కూర ఎవరు తింటారు? ఆవకాయ నిలవ ఉండేది ఒక్క ఉప్పు వల్లే కాదు, మామిడి పులుపు వల్ల కూడా. కొమ్ములో పులుపు లేదు. కాబట్టి మూత బిగించి దాచకండి. కోసిన కొమ్ములు ఉడికించి అప్పటికప్పుడే తినండి. లేదా సన్నగా కోసి గలగలలాడేలా ఎండబెట్టండి.

దాచిన కూర తిన్నాక చూపు రెండుగా కనిపించినా, మాట ముద్దగా వచ్చినా, మింగుడు పడకపోయినా తెల్లారే దాకా ఆగవద్దు. జ్వరం లేదు కదా అనుకోవద్దు, ఈ జబ్బులో జ్వరం రాదు. డోలీ కట్టి దిగాల్సిన ఊరైతే ఇంకా త్వరగా కదలాలి. మిగిలిన కూర కొంచెం డాక్టరుకు చూపించడానికి పట్టుకెళ్లండి.