చౌరాగఢ్: రాయి, నీరు, మట్టి చెప్పే మన చరిత్ర



మన కోయతూర్ రాజ్యాల మాట వస్తే రాణి దుర్గావతి పేరు తప్పకుండా తలుచుకుంటాం. 1564 జూన్ 24న మొగలు సేనతో పోరాడి ఆమె ప్రాణాలు అర్పించిన సంగతి మనకు తెలుసు. కానీ ఆమె ఏ కోట నుంచి రాజ్యం నడిపింది, ఆ కోటలో ఏం మిగిలి ఉంది అని అడిగితే మనలో చాలామందిమి తడబడతాం. ఈ రోజు ఆ కోట గురించి మాట్లాడుకుందాం.

దాని పేరు చౌరాగఢ్. మధ్యప్రదేశ్‌లోని నర్సింగ్‌పూర్ జిల్లాలో, సాత్పురా కొండల అంచున ఉంది. అక్కడివాళ్లు చౌగాన్ కిలా అంటారు. పచ్‌మఢీ దగ్గర శివాలయం ఉన్న చౌరాగఢ్ కొండ వేరు. పేరు ఒకటే కాబట్టి పొరపడకూడదు. గఢా-మండ్లా రాజ్యాన్ని 52 గఢ్‌లకు పెంచిన సంగ్రామ్ షా ఈ కోట కట్టించాడని చెబుతారు. ఆయన కొడుకు దల్పత్ షా సింగోర్‌గఢ్ నుంచి పాలించాడు. భర్త పోయాక దుర్గావతి రాజధానిని చౌరాగఢ్‌కు మార్చింది.

ఎందుకు మార్చింది? జవాబు ఆ కొండే చెబుతుంది. పురావస్తు శాస్త్రం అంటే గడ్డపార పట్టి తవ్వడం అనుకుంటాం. మొదటి పని చూడటం. కోట నర్మదా లోయ కంటే సుమారు 240 మీటర్ల ఎత్తున ఉంది. మూడు వైపులా కొండ నిలువుగా కోసినట్టు ఉంటుంది. ఏనుగులు, ఫిరంగులతో వచ్చే సేన అటువైపు నుంచి ఎక్కలేదు. లోయలో కదలిక ఏదైనా పైనుంచి కనబడుతుంది.

రెండోది నీరు. కొండ మీద కోట ఎంత గట్టిదైనా నీరు లేకపోతే ముట్టడిలో ఎక్కువ రోజులు నిలవదు. చౌరాగఢ్ మీద చాలా చెరువులు ఉన్నాయి. అంత ఎత్తున అన్ని చెరువులు ఉన్నాయంటే అక్కడ కాపలా సైన్యం ఒక్కటే లేదు. వండేవాళ్లు, కమ్మరులు, గుర్రాలను, ఏనుగులను చూసేవాళ్లు, పిల్లాపాపలు అందరూ ఉన్నారు. అది కోట మాత్రమే కాదు, ఒక ఊరు.

మూడోది, కోట గోడ లోపల రెండు కొండలు ఉన్నాయి. ఒకదాని మీద గోండు రాజుల మహళ్ల శిథిలాలు. రెండోదాని మీద, ఎంతో కాలం తర్వాత నాగపూర్ భోంస్లేల సైన్యం కోసం కట్టిన బారకాసుల ఆనవాళ్లు. అంటే అక్కడ కనిపించే ప్రతి రాయీ మనది కాదు. ఏది ఏ కాలానిదో వేరు చేసి చెప్పగలిగితేనే మన మాటకు విలువ ఉంటుంది.

ఇక రాతలు ఏం చెబుతున్నాయి? దుర్గావతి పోయాక ఆసఫ్ ఖాన్ చౌరాగఢ్ మీద పడ్డాడు. ఆమె కొడుకు వీర్ నారాయణ్ పోరాడి చనిపోయాడు. గెలిచినవాళ్ల పుస్తకం అక్బర్‌నామా అక్కడ దొరికిన సొమ్మును లెక్కపెట్టింది: 101 పాత్రల బంగారు నాణేలు, 1000 ఏనుగులు. అందులో ఆసఫ్ ఖాన్ బాద్షాకు పంపినవి 200 ఏనుగులేనని కూడా రాసింది. తర్వాత 1634లో బుందేలా రాజు జుఝార్ సింగ్ కోటను పట్టుకున్నాడు. మరుసటి ఏడాది మొగలులు వచ్చారు. హృదయ్ షా రాజధానిని మండ్లా దగ్గరి రామ్‌నగర్‌కు మార్చాడు. అక్కడి 1667 నాటి శాసనంలో రాజుల వంశావళి ఉంది.

చూడండి, ఒక రాత సొమ్మును లెక్కపెట్టింది, ఇంకో రాత రాజుల పేర్లు చెప్పింది. ఆ చెరువులు తవ్వినవాళ్లు ఏం తిన్నారు, ఎలాంటి కుండల్లో వండుకున్నారు, ఎక్కడ పడుకున్నారు, ఇవేవీ రాతల్లో లేవు. అవి మట్టిలో మాత్రమే ఉన్నాయి. పొయ్యి దగ్గర మిగిలిన బొగ్గు ముక్కతో కాలం లెక్కగట్టవచ్చు. మాడిన గింజతో పంట తెలుస్తుంది. పెంకు ముక్కతో కుమ్మరి పనితనం తెలుస్తుంది. కానీ ఒక షరతు ఉంది. ఆ వస్తువు ఏ పొరలో, దేని పక్కన ఉందో చెదరకుండా ఉండాలి.

మన భయం అక్కడే. 101 పాత్రల కథ విన్నవాడికి కోట అంటే గుప్తనిధి గుర్తొస్తుంది. రాత్రి గునపంతో వచ్చి ఒక గొయ్యి తీస్తే పై పొర కిందికి, కింది పొర పైకి పోతాయి. వాడికి చిల్లిగవ్వ దొరకదు. మనకు మాత్రం వందల ఏళ్ల సాక్ష్యం పోతుంది. దాన్ని మళ్లీ పేర్చడం ఏ శాస్త్రవేత్త వల్లా కాదు.

చౌరాగఢ్ మనకు దూరం. కానీ ఉట్నూరులో గోండు రాజుల కోట ఉంది. సరిహద్దు దాటితే చంద్రపూర్ జిల్లాలో మాణిక్‌గఢ్ ఉంది. అక్కడికి వెళ్లినప్పుడు సెల్ఫీతో ఆగకుండా గోడలు, గుమ్మాలు, బావులు అన్నింటినీ ఫొటో తీద్దాం, తేదీ రాసి పెడదాం. పెంకు ముక్క కనబడితే జేబులో వేసుకోకుండా ఉన్నచోటే ఫొటో తీద్దాం. ఎవరైనా తవ్వుతుంటే ఊరి పటేల్‌కు, పోలీసులకు, పురావస్తు శాఖకు చెబుదాం. కోటల గురించి పర్ధాన్ పెద్దలు పాడే కథలను వాళ్లను అడిగి ఫోన్‌లో రికార్డు చేద్దాం.

మనలో నుంచి చరిత్ర, పురావస్తు శాస్త్రం చదివేవాళ్లు రావాలి. గోండి వచ్చినవాళ్లు ఆ కొండల మీద కొలతలు తీసిన రోజున, ఆ ఊళ్ల పేర్లకు, చెరువుల పేర్లకు అర్థం అడగడానికి ఇంకొకరి దగ్గరికి పోనక్కర్లేదు.

జై సేవా!