తారల పోటీలు

ఆరితేరిన ఆటగాండ్రను ఏరి, రెండు పక్షాలుగా నిలిపి ఆడించుట ఒక వేడుక. అమెరికా ఎన్.బి.ఎ. సంఘం 1951లో బోస్టన్‌లో తూర్పు, పడమర జట్లతో బాస్కెట్‌బాల్ తారల పోటీ ప్రారంభించినది. ఐరోపాలో 1996లో ఇస్తాంబుల్‌లో మొదలైన ‘యూరోస్టార్స్’ పోటీ 1999లో మాస్కోతో ముగిసినది. అందులోనూ విభజన తూర్పు పడమరలే. గోడ కూలిన బెర్లిన్ నగరమే 1998లో ఆ ఆటకు వేదికైనది.

బొంబాయి క్రికెట్‌లో మాత్రం జట్లు మతమును బట్టి ఏర్పడినవి. తెలుగుబిడ్డ సి. కె. నాయుడు 1926లో ఎం.సి.సి.పై 11 సిక్సర్లతో 153 పరుగులు చేసినది హిందూ జట్టు పక్షాననే. కీర్తి మాత్రం దేశమంతటికీ దక్కినది. ఆ మతవిభజనను గాంధీజీ 1940లో నిరసించిరి; 1946లో ఆ పోటీలు నిలిచిపోయినవి.

ఆట రక్తికట్టుటకు పక్షాలు కావలెను. ఆట ముగిసిన పిదప అవి మిగులరాదు. శివరాత్రికి చిలకలూరిపేట ప్రాంతపు గ్రామాలు పోటీపడి ఎవరి ప్రభ వారు కట్టుకొందురు. ప్రభలన్నీ చేరునది ఒక్క కోటప్పకొండకే.