50 రోజులు నేలకి వంతు ఇద్దాం: కూరగాయల తోటలో పచ్చిరొట్ట పంటలు

ఈ రోజు ఎపిసోడ్ తోటలోంచి కాదు, మా ఇంటి అరుగు మీంచి. ముందు ఒక చిన్న ప్రయోగం చూపించి, ఆ తర్వాత అసలు విషయంలోకి వస్తాను.

ఇక్కడ రెండు గాజు గ్లాసులు ఉన్నాయి, రెండింట్లోనూ మామూలు నీళ్ళే. ఇవిగో రెండు మట్టిగడ్డలు. రెండూ ఎండినవే, నిమ్మకాయంత సైజు. రెండూ మా పొలంలోవే. మధ్యలో దూరం ఒక గట్టు, అంతే. ఇప్పుడు రెండూ ఒకేసారి నీళ్ళలో వేస్తున్నాను, చూడండి.

ఎడమ చేతి పక్క గ్లాసు చూశారా? వేసిన నిమిషానికే బుడగలు వచ్చి గడ్డ విడిపోయింది. నీళ్ళన్నీ ఎర్రగా అయిపోయాయి. కుడి పక్కది ఇంకా గడ్డలాగే ఉంది. అంచుల్లో కొద్దిగా రాలింది కానీ నీళ్ళు దాదాపు తేటగానే ఉన్నాయి.

నేల ఒకటే, రంగు ఒకటే, తడి పెట్టే బోరు కూడా ఒకటే. మరి తేడా ఎక్కడ వచ్చింది? కుడి పక్క మట్టి ఉన్న కయ్యలో రెండేళ్ళుగా ఏటా ఒకసారి, 50 రోజుల పాటు, మేము అమ్ముకోని పంట ఒకటి వేశాం. ఎడమ పక్క కయ్యలో వేయలేదు. ఈ రోజు మాట్లాడుకునేది ఆ అమ్ముకోని పంట గురించే. ఇంగ్లీషులో కవర్ క్రాప్ అంటారు. మన పెద్దవాళ్ళకి పచ్చిరొట్ట అంటే చాలు, తెలిసిపోతుంది.

మాది మదనపల్లె దగ్గర. ఇక్కడ టమాటా గురించి నేను కొత్తగా చెప్పక్కర్లేదు. రేటు ఉంటే పండగ, లేకపోతే రోడ్డు పక్కన పారబోత. మాకు రెండెకరాలు. ఎండాకాలం టమాటా జూలై, ఆగస్టు దాకా కాపు ఇస్తుంది. అది అయిపోగానే కట్టెలు పీకడం, చెట్లు పీకి తగలబెట్టడం, రోటవేటర్ తోలడం, మళ్ళీ టమాటా. ఎందుకంటే అప్పు ఆగదు కదా.

ఇక్కడ ఒక విషయం గమనించండి. వరి కోస్తే కనీసం మొదళ్ళు నేలలో ఉంటాయి. కూరగాయల తోటలో నేలకి తిరిగి వెళ్ళేది ఏముంది? కాయలు మార్కెట్టుకి పోతాయి, చెట్టు మంటలోకి పోతుంది. పైగా బోదెలు తోలడానికి, కలుపుకి, నాటడానికి ఏడాదికి ఎన్నిసార్లు దున్నుతామో లెక్కే ఉండదు. దున్నిన ప్రతిసారీ మట్టిలోని సేంద్రియ పదార్థం గాలి తగిలి ఇంకా తొందరగా కరిగిపోతుంది. భూసార పరీక్ష కార్డులో సేంద్రియ కర్బనం అని ఒక గడి ఉంటుంది. అది 0.5 శాతం కంటే తక్కువ ఉంటే తక్కువ కింద లెక్క. 0.75 దాటితే ఎక్కువ. మీ ఇంట్లో కార్డు ఉంటే వీడియో అయిపోయాక ఒకసారి తీసి చూడండి. ఎరువుల గళ్ళు అందరూ చూస్తారు, ఈ గడి ఎవ్వరూ చూడరు.

మా కార్డులో అది తక్కువే ఉంది. వానొస్తే పైన పెచ్చు కట్టేది, నీళ్ళు ఇంకకుండా ఎర్రగా పారిపోయేవి. చెట్లు పచ్చగా ఉండగానే ఒక్కసారిగా వాడిపోయేవి. పీకి చూస్తే కొన్నిటికి వేళ్ళ మీద బుడిపెలు, అంటే నులిపురుగులు. ప్రతి ఏడూ మందు ఖర్చు పెరిగేది, దిగుబడి మాత్రం పెరిగేది కాదు.

అప్పుడు నేను మా నాన్నతో అన్నాను, "నాయినా, ఈసారి కోత అయ్యాక జనుము చల్లుదాం" అని. ఆయన నా మొహం చూసి, "రేయ్, ఆకు కోసరం 50 దినాలు కయ్య ఖాళీ పెడతావా? బాకీ వాళ్ళకి జనుము కట్టలిస్తావా?" అన్నారు.

నిజం చెప్పాలంటే ఆయన అడిగిన దాంట్లో తప్పు లేదు. చాలా వీడియోల్లో ఈ ప్రశ్న ఉండదు. భూమాత, సేంద్రియం అని చెప్పేసి వెళ్ళిపోతారు. కానీ రెండెకరాల మీద బతికే ఇంట్లో 50 రోజులంటే ఒక పంటలో సగం కాలం. అందుకే మేము ఒక ఒప్పందానికి వచ్చాం. మొత్తం కాదు, 50 సెంట్లు. పోతే 50 సెంట్లే పోతుంది.

మొదటి ఏడు నిజంగానే పోయింది ఫ్రెండ్స్. ఎలా పోయిందో చెప్తాను. ఎందుకంటే ఈ ఎపిసోడ్ లో మీకు పనికొచ్చే ముక్క అదే.

ఆగస్టులో జనుము చల్లాం. బ్రహ్మాండంగా వచ్చింది. నడుము దాటింది, పసుపు పచ్చ పూలు వచ్చాయి. అప్పుడే దున్నాలి. నేనేమో ఇంకా పెరిగితే ఇంకా ఆకు వస్తుంది కదా అని ఆశపడ్డాను. ట్రాక్టరు కూడా దొరకలేదు. అలా అలా 80 రోజులు అయింది. కాండం గట్టిపడి కట్టె అయిపోయింది. జనుము అంటే తాళ్ళు పేనే నార కదా, అది రోటవేటర్ బ్లేడ్లకి చుట్టుకుపోయి డ్రైవర్ కత్తితో కోసుకుంటూ కూర్చున్నాడు. నన్ను తిట్టని తిట్టు లేదు. ఎలాగో కలియదున్ని, ఆలస్యం అయిందని ఆరో రోజే టమాటా నారు నాటేశాను. కొన్ని మొక్కలు మొదలు దగ్గర కుళ్ళిపోయాయి. మిగతావి పసుపు రంగుకి తిరిగి గిడసబారిపోయాయి. మా నాన్న ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ బాధ అనిపించింది.

ఎందుకలా జరిగింది? మట్టిలో ఉండే సూక్ష్మజీవులకి మనం భోజనం పెట్టాం అనుకోండి. లేత పచ్చిరొట్టలో అన్నం, పప్పు రెండూ సరిపడా ఉంటాయి. అన్నం అంటే కర్బనం, పప్పు అంటే నత్రజని. ముదిరి కట్టె అయిన చెత్తలో అన్నం కుప్పలుగా ఉంటుంది, పప్పు ఉండదు. అప్పుడు వాళ్ళు ఆ పప్పు ఎక్కడ తెచ్చుకుంటారు? మట్టిలో మొక్క కోసం ఉన్న నత్రజనిని తీసుకుంటారు. అందుకే మొక్క పసుపు రంగుకి తిరుగుతుంది. ఇక పచ్చి చెత్త కుళ్ళుతున్నప్పుడు, నారుకుళ్ళు తెచ్చే బూజులు కూడా దాని మీదే పెరుగుతాయి. అలాంటి చోట లేత నారు పెడితే ఏమవుతుందో నేను కళ్ళారా చూశాను.

రెండో ఏడు పద్ధతిగా చేశాం. దాన్ని మీకు వరసగా చెప్తాను, రాసుకోండి.

ఒకటి, విత్తనం. ఎకరాకి జనుము అయితే 12 నుంచి 15 కిలోలు, జీలుగ 10 నుంచి 12, పిల్లిపెసర 6 నుంచి 8 కిలోలు. రెండు రాష్ట్రాల్లోనూ వానాకాలానికి ముందు వ్యవసాయ శాఖ ఈ మూడింటినీ సబ్సిడీ మీద ఇస్తూ ఉంటుంది. ముందే వెళ్ళి పేరు రాయించుకోండి, తర్వాత పోతే దొరకదు. మీ పొలంలో ఈ జాతి పంటలు ఎప్పుడూ వేయకపోతే రైజోబియం కల్చరు ప్యాకెట్ తెచ్చి విత్తనానికి పట్టించండి.

రెండు, ఏ నేలకి ఏది. మా లాంటి నీళ్ళు నిలవని ఎర్ర నేలకి జనుము బాగుంటుంది. వేరు బుడిపె నులిపురుగులు ఉన్న చోట కూడా జనుమే మేలు, ఎందుకంటే దాని వేళ్ళలో వాటి సంతతి పెరగదు. చౌడు నేల, నీళ్ళు నిలిచే నేల అయితే జీలుగ తట్టుకుంటుంది. కానీ నులిపురుగులు ఉన్న కూరగాయల నేలలో జీలుగ, అలసంద జాగ్రత్త. వాటి వేళ్ళ మీద ఆ పురుగులు పెరుగుతాయి. పిల్లిపెసర నేల మీద పాకి కప్పేస్తుంది, పశువులకి మేతగా కూడా పనికొస్తుంది. ఇంకో ముఖ్యమైన మాట. టమాటా, వంగ, మిరప, ఆలుగడ్డ నాలుగూ ఒకే కుటుంబం. టమాటా తర్వాత వంగ వేసి పంట మార్చాను అనుకోకండి, వడలు తెగులుకి అవన్నీ ఒకే ఇల్లు.

మూడు, మధ్యలో ఒకసారి చూడటం. 30 రోజులప్పుడు ఒక మొక్కని జాగ్రత్తగా తవ్వి తీయండి, లాగొద్దు. వేళ్ళ మీద చిన్న చిన్న బుడిపెలు ఉంటాయి. ఇవి నులిపురుగుల బుడిపెలు కాదు. ఇవి వేరుకి పక్కన అంటుకుని ఉంటాయి, గోరుతో తీస్తే ఊడి వస్తాయి. చిదిమితే లోపల గులాబీ రంగు కనిపించాలి. కనిపిస్తే గాలిలోని నత్రజని పట్టే పని జరుగుతోంది అని అర్థం.

నాలుగు, దున్నే రోజు. పూత మొదలవగానే, అంటే సుమారు 45 నుంచి 50 రోజులకి. కాండాన్ని వేలితో వంచితే వంగాలి, ఫట్ మని విరగకూడదు. ట్రాక్టరుకి ముందే చెప్పి పెట్టుకోండి. నేలలో పదును ఉన్నప్పుడే దున్నాలి, పొడి నేలలో కలిపితే కుళ్ళదు. దున్నడం ఇష్టం లేకపోతే కోసి అక్కడే బోదెల మీద పరిచేయండి, ఎండకి నేల కాలకుండా ఉంటుంది.

అయిదు, ఆగడం. కలియదున్నాక రెండు మూడు వారాలు ఆగి నాటండి. ఒక పిడికెడు మట్టి తీసి వాసన చూడండి. పుల్లటి కుళ్ళు వాసన వస్తే ఇంకా ఆగాలి. తొలకరి మట్టి వాసన వస్తే సిద్ధం.

మరి ఏం వచ్చింది అని అడుగుతారు. లెక్కగా చెప్పుకుంటే, బాగా పెరిగిన జనుము ఎకరాకి సుమారు 25 నుంచి 30 కిలోల నత్రజని ఇస్తుంది. 45 కిలోల యూరియా బస్తాలో ఉండేది దాదాపు 21 కిలోలు. అంటే బస్తాకి పైనే. కానీ అదంతా మొదటి పంటకే అందదు, మెల్లగా వస్తుంది. భాస్వరం, పొటాష్ గాల్లోంచి రావు, అవి మళ్ళీ మనం చూసుకోవాల్సిందే. పచ్చిరొట్ట వేశాను కదా అని ఎరువులన్నీ ఆపేస్తే దెబ్బతింటారు.

యూరియా కంటే పెద్ద లాభం ఈ గ్లాసులో ఉంది. బతికి ఉన్న వేరు మట్టిలోకి చక్కెరలు వదులుతుంది. వాటిని తిని బతికే సూక్ష్మజీవులు, బూజులు జిగురు తయారుచేస్తాయి. ఆ జిగురే మట్టి రేణువుల్ని పట్టి ఉంచుతుంది. అందుకే గడ్డ విడిపోలేదు. అందుకే వాన పడితే నీళ్ళు ఆ 50 సెంట్లలో ఇంకుతున్నాయి, పక్క కయ్యలో పారిపోతున్నాయి. వడలు తెగులు పూర్తిగా పోయిందా అంటే పోలేదు. తగ్గింది. అబద్ధం చెప్పను.

ఇదేమీ మేము కనిపెట్టింది కాదు. ఆంధ్రప్రదేశ్ లో రైతు సాధికార సంస్థ 2016 నుంచి నడుపుతున్న ప్రకృతి వ్యవసాయంలో ఏడాదికి 365 రోజులూ నేల మీద పచ్చదనం ఉండాలన్నది ఒక సూత్రం. వానలకి ముందే పొడి నేలలో నవధాన్యాలు చల్లే పద్ధతి కూడా వాళ్ళది ఉంది. పప్పు జాతి, చిరుధాన్యాలు, నూనె గింజలు అన్నీ కలిపి, విత్తనాలకి బంకమట్టి, బూడిద, బీజామృతం పట్టించి చల్లుతారు. 2024లో ఈ కార్యక్రమానికి పోర్చుగల్ వాళ్ళ గుల్బెంకియన్ బహుమతి వచ్చింది, మరో ఇద్దరితో కలిపి.

ఎవరు చేయకూడదో కూడా చెప్పాలి. బోరు ఎండిపోయి, వాన లేకుండా ఉన్నప్పుడు వేయొద్దు. ఈ పంట కూడా నీళ్ళు తాగుతుంది, తర్వాతి పంటకి దాచిన తడి ఇదే తాగేస్తుంది. వాన చూసుకుని వేయండి. ఇక కౌలు రైతులు. మీ కష్టం నాకు తెలుసు. ఇప్పుడు నేల బాగుచేస్తే వచ్చే ఏడు ఆ కయ్య మీ చేతిలో ఉంటుందో లేదో. మీకు 50 రోజులు ఖాళీ పెట్టమని చెప్పే హక్కు నాకు లేదు. నులిపురుగులు లేని నేల అయితే బోదెల మధ్య అలసంద వేయండి, కాయ కోసుకుని రొట్టని అక్కడే పరచండి. ఓనరుతో కూర్చుని కనీసం రెండేళ్ళు కౌలు అడగండి. నేల బాగుపడితే లాభం ఆయనది కూడా.

ఇప్పుడు మా ఇంట్లో లెక్క ఇది. రెండెకరాలని నాలుగు ముక్కలు చేశాం. ఇక నుంచి ఏడాదికి ఒక ముక్కకి వంతు. మిగతా మూడింట్లో మామూలుగా పంట. అప్పు కట్టడం ఆగదు, నేలకి తిండి పెట్టడం కూడా ఆగదు. మా నాన్న పూర్తిగా ఒప్పుకున్నారా అంటే లేదు. కానీ ఈ ఏడు ఆగస్టులో విత్తనాల సంచి నేను అడగకముందే ఆయనే బండి మీద పెట్టుకుని వచ్చారు. "50 సెంట్లే, గుర్తుపెట్టుకో" అన్నారు.

మీరు ఈ రోజు చేయాల్సింది ఒక్కటే. ఫోన్ పక్కన పెట్టి రెండు గ్లాసుల నీళ్ళు తీసుకోండి. మీ తోటలో మట్టిగడ్డ ఒకటి, గట్టు మీద గడ్డి కింద నుంచి ఇంకొకటి తెచ్చి బాగా ఎండనిచ్చి నీళ్ళలో వేయండి. ఇంట్లో పెద్దవాళ్ళ ముందు వేయండి. మనం గంట సేపు వాదించే మాట ఆ గ్లాసు నిమిషంలో చెప్తుంది. ఏం కనిపించిందో కామెంట్లో రాయండి, వచ్చే ఎపిసోడ్ లో చూద్దాం. ఉంటాను, నమస్తే.