గంపలోకి చూడండి, కులంలోకి కాదు
(పేట మహిళల సమావేశంలో చేసిన ప్రసంగం)



ఇవాళ పెద్ద మాటలు పక్కనబెట్టి గుమ్మం ముందుకొచ్చే గంప గురించి మాట్లాడదాం. పాలో, చేపలో, మజ్జిగో అని కేకేసుకుంటూ వచ్చే మనిషిని నమ్మాలా వద్దా అన్నది మనం రోజూ తేల్చుకునే సంగతే. ఏం చూసి తేల్చుకుంటున్నాం?

ఊళ్లో దీనికి పాత పద్ధతి ఉంది. "ఎవరమ్మాయివే?" అంటారు. అడిగేది పేరు కాదు, కులం. మన పేట మనిషి పాల బిందెతో పెద్దవీధికి పోతే "మాకు పాడి ఉందిలే" అంటారు. ఆమె సందు మలుపు తిరక్కముందే ఇంకొకరి దగ్గర పోయించుకుంటారు. అదే చెయ్యి వాళ్ల చేలో వరి కోస్తుంది, మిరపకాయలు కోస్తుంది. కోసే చెయ్యి మైల కాదు, పోసే చెయ్యి మైల! లెక్క వాళ్లకి బాగానే కుదిరింది.

ఇది మేం కల్పించి చెప్పేది కాదు. 2001-02లో 11 రాష్ట్రాల్లో 565 ఊళ్లు తిరిగి అంటరానితనం మీద సర్వే చేశారు. 2006లో పుస్తకంగా వచ్చింది. దళితుల పాలు సహకార సంఘాలకో, ఇతరులకో అమ్ముకోనివ్వని ఊళ్లు దాదాపు సగం. 1955 చట్టం ప్రకారం అంటరానితనంతో సరుకు అమ్మనన్నవాడికి శిక్ష ఉంది. "వద్దులే" అని తలుపేసుకున్న ఇల్లాలిని ఏ కోర్టుకు లాగుతాం? గేదెకు అప్పు తెచ్చిన మనిషి పాలు మురిగిపోతే వాయిదా ఎట్లా కడుతుంది? గేదెను అమ్ముకుని మళ్లీ అదే చేలో కూలికి పోతుంది.

పోనీ, కులం చూసి కొంటే కల్తీ ఆగుతుందా? 1998లో ఢిల్లీలో ఆవనూనెలో బలురక్కసి గింజల నూనె కలిసి, ఒళ్లు వాచి అరవై మందికి పైగా చచ్చిపోయారు. ఆ నూనె ఏ కులం చేత్తో పోసినా విషమే గదా.

మన పేటల్లో ఈ రోగం లేదనకండి. మాల గుమ్మంలో మాదిగామె మజ్జిగ కుండ దించినా, యానాదామె చేపలు తెచ్చినా మనవాళ్ల నోటా అదే ప్రశ్న వస్తోంది. అడగాల్సినవి వేరే ఉన్నాయి. చేప మొప్ప ఎర్రగా ఉందా? కన్ను తేటగా ఉందా? వేలితో నొక్కితే గుంట అట్లాగే ఉండిపోతోందా? కొలత గిద్దె అడుగు సొట్టబోయిందా? కారప్పొడి చిటికెడు గ్లాసు నీళ్లలో వేయండి, ఇటుకపొడి ఉంటే అడుగుకు దిగుతుంది. పాలు కాసిని కాచి చల్లార్చి టింక్చర్ అయోడిన్ రెండు చుక్కలు వేయండి, నీలం తిరిగితే పిండి కలిపినట్టే. (ఆ పాలు పారబోయండి, పిల్లలకు పోసేరు!) అన్నిటికంటే ముందు, ఆమె రేపు మళ్లీ ఈ వీధికి వస్తుందా? పాచిపోతే నిలదీయటానికి మనిషి దొరకాలి. పేరూ ఊరూ చెప్పకుండా, సగం ధరకి నూనె డబ్బా దించి పోయేవాడు ఏ కులంవాడైనా పంపించెయ్యండి.

రేపటినుంచి మన పాలామెలు పెద్దవీధికి ఇద్దరిద్దరుగా పోవాలి. వద్దన్న గుమ్మాలు సంఘం పుస్తకంలో రాయించాలి. తిరిగొచ్చిన పాలు సాయంత్రంలోగా పేటలోనే పోయించుకుందాం, డబ్బులు ఇచ్చే పోయించుకుందాం, అరువు కాదు. అయోడిన్ సీసా బడిలో పెట్టాం. ఎవరైనా వచ్చి తీసుకెళ్లొచ్చు.