మన నల్ల గుట్టలు అగ్నిపర్వతాలా? బోరు వేసే ముందు ఒకసారి వినండి

పోయిన వీడియో కింద కోదాడ నుంచి ఒక తమ్ముడు అడిగిండు: "అన్నా, మన దిక్కు నల్ల రాళ్ల గుట్టలు ఉన్నయి కదా, అవి అగ్నిపర్వతాలా?"

తమ్ముడూ, సగం కరెక్టే. ముందు అసలు అగ్నిపర్వత కొండలు ఎక్కడున్నాయో చూద్దాం. ముంబై నుంచి పుణె పోతుంటే కనిపించే సహ్యాద్రి అంతా లావానే. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కింద భూమి పగుళ్లలో నుంచి లావా పొంగి, పొర మీద పొరగా పరుచుకుంది. అందుకే ఆ కొండలు మెట్లు మెట్లుగా ఉంటాయి. దాన్నే దక్కన్ ట్రాప్స్ అంటారు. ఇప్పటికీ సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్లలో ఉంది. దాని ఆగ్నేయ అంచు మన వికారాబాద్ అనంతగిరి దాకా వచ్చి ఆగింది. మూసీ పుట్టేది అక్కడే. అంటే లావా గుట్టల్లో పుట్టిన నీళ్లు హైదరాబాద్ దాటి, సూర్యాపేట పక్కన మూసీ ప్రాజెక్టులో ఆగి, మిర్యాలగూడ అవతల వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తున్నాయి. హైదరాబాద్‌లో ఆ నీళ్లకు ఏమైతుందో మీకు తెలుసు, అది ఇంకో వీడియో.

మరి మన దగ్గర? మేళ్లచెరువు, మఠంపల్లి, వాడపల్లి దిక్కు సున్నపురాయి. ఒకప్పటి సముద్రం అడుగు అది. సిమెంటు ఫ్యాక్టరీలన్నీ అందుకే అక్కడ పెట్టిండ్రు. సూర్యాపేట దిక్కు నేల 250 కోట్ల ఏళ్లు దాటిన గ్రానైట్, నీస్ రాయి. దక్కన్ లావా ఇక్కడి దాకా రాలేదు.

కానీ దానికంటే చాలా ముందే, దాదాపు 200 కోట్ల ఏళ్ల కింద, ఈ గ్రానైట్ పగుళ్లలోకి కింది నుంచి మాగ్మా ఎక్కింది. ఎక్కి, లోపలే గడ్డకట్టింది. పైన లావా పారి ఉంటే అది ఎప్పుడో కొట్టుకుపోయి ఉంటది. మనకు మిగిలింది లోపలి గోడలే. వీటిని డైక్‌లు అంటారు, ఆ నల్ల రాయి డోలరైట్. చుట్టూ నేల అరిగిపోయినా గోడ అరగక నిలబడితే, గీత గీసినట్టు సన్నగా, పొడుగ్గా నల్ల రాళ్ల వరస కనిపిస్తది. తమ్ముడు అడిగిన గుట్టలు చాలావరకు ఇవే.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, 2016 ఎండాకాలంలో మా నాన్న రెండు బోర్లు వేయించిండు. కొబ్బరికాయ చేతిలో పెట్టుకొని ఒకాయన పాయింట్ చూపించిండు. రెండూ దుమ్మే. మా చేను నల్ల రాళ్ల వరసకు దిగువన ఉంది. ఎగువన ఉన్న మా పెద్దనాన్న చేన్ల బోరు మాత్రం పోసింది. "మన నసీబు" అనుకున్నం. ఆ అప్పు తీర్చనీకి నా మొదటి సంవత్సరం జీతంలో సగం పోయింది. బీటెక్ చదివినోణ్ని, ఒక్కసారి ఎందుకని అడగలే.

కారణం ఏందంటే, గ్రానైట్ నేలలో నీళ్లు పై మెత్తటి పొరలో, పగుళ్లలో ఉంటయి, వాలు వెంబడి నడుస్తయి. మధ్యలో డైక్ అడ్డం వస్తే చెరువు కట్ట లెక్క ఆపుతది. ఎగువన నీళ్లు, దిగువన ఎండు. అట్లని ప్రతి డైక్ అట్లనే ఉండదు. గోడే పగిలి ఉంటే దాని గుండానే నీళ్లు పోతయి. అందుకే కంటితో చూసి డిసైడ్ చేయొద్దు. భూమిలోకి కరెంటు పంపి చూసే రెసిస్టివిటీ సర్వే ఉంది, జియాలజిస్టుతో చేయించుకోండి. అది కూడా గ్యారంటీ కాదు, కానీ కొబ్బరికాయ కంటే నయం.

ఫోన్‌లో మ్యాప్ తెరిచి, శాటిలైట్ వ్యూలో మీ చేను పెట్టండి. దగ్గర్లో చెట్లతో, రాళ్లతో నిటారుగా పోయే నల్ల గీత ఉందా? ఉంటే వాలు ఎటుందో, మీ చేను ఏ పక్కన పడిందో చూడండి. స్క్రీన్‌షాట్ తీసి మీ నాన్నకు కూడా చూపించండి. మా నాన్నకు మొన్న సంక్రాంతికి చూపించిన. చాలాసేపు చూసి, "మరి ఇది అప్పుడెందుకు చెప్పలే?" అన్నడు.