బెంగళూరులో ఒక ఆదివారం

(ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)

ఉపకార వేతనాలు అందుకున్న విద్యార్థులకు, వారి తల్లిదండ్రులకు నా అభినందనలు. చదువు విలువ గురించి పెద్దలు ఇప్పటికే చెప్పారు. నేను ఒక తండ్రిగా నా పొరపాటు ఒకటి చెప్పుకుంటాను.

మా అమ్మాయికి చిన్నప్పటి నుంచి బొమ్మలు వేయడమంటే ప్రాణం. పదో తరగతి పాసయ్యాక, "బొమ్మలు కూడు పెట్టవు" అని రంగుల పెట్టె అటక ఎక్కించి, ప్లస్ వన్‌లో లెక్కల గ్రూపులో చేర్పించాను. ఆమె ఎదురు చెప్పలేదు. కానీ ఇంట్లో మాట్లాడటం తగ్గించింది. అది చూడలేక మా ఆవిడ, "ఒక్కసారి బెంగళూరు తీసుకుపోయి మంచి బొమ్మలు చూపించండి" అన్నది.

హోసూరుకు బెంగళూరు 40 కిలోమీటర్లే. ఆసుపత్రికనీ పెళ్లిబట్టలకనీ ఎన్నిసార్లో పోయాం. చిత్రశాలకు ఏనాడూ పోలేదు. ఒక ఆదివారం ప్యాలెస్ రోడ్డులోని జాతీయ ఆధునిక కళా ప్రదర్శనశాలకు వెళ్లాం. మాణిక్యవేలు భవనమనే ఆ పాత బంగళాలో 2009లో దాన్ని ప్రారంభించారు. గేటు దగ్గర నాకే జంకు కలిగింది. లోపల మాత్రం మమ్మల్ని ఎవరూ ఏమీ అడగలేదు.

జామినీ రాయ్ బొమ్మ ముందు మా అమ్మాయి నిలబడిపోయింది. "నాన్నా, అమ్మ వేసే ముగ్గులాగా గీత ఎక్కడా తెగలేదు చూడు" అంది. ఆయన బెంగాల్ పల్లెల పటచిత్రాల నుంచే ఆ పద్ధతి తెచ్చుకున్నాడట. రవీంద్రనాథ్ ఠాగూరు 60 ఏళ్లు దాటాక చిత్రలేఖనంలో దిగారని ఆమే చెప్పింది. చాలా రోజుల తర్వాత నాతో అంతసేపు మాట్లాడింది.

మధ్యాహ్నం జె.పి. నగర్‌లోని రంగశంకరలో నాటకం చూశాం. నటుడు శంకర్ నాగ్ జ్ఞాపకార్థం ఆయన భార్య అరుంధతీ నాగ్ పూనుకొని, 2004లో తెరిచిన రంగస్థలమది. నాటకం మొదలయ్యాక ఎవరినీ లోపలికి రానివ్వరు. అందుకని ముందుగానే చేరుకున్నాం. కన్నడ నాటకమే అయినా మన హోసూరువాళ్లకు అర్థం కాకపోవడమేముంది? తెర వెనక దీపాలు, రంగాలంకరణ, దుస్తులు, సంగీతం, ఇన్ని పనులుంటాయని ఆ రోజే గమనించాను. అవన్నీ చేతిపనులే, బుద్ధితో చేసే పనులే.

తరువాత ఇంకొకటి తెలుసుకున్నాను. మన పక్కనున్న చిత్తూరు ప్రాంతంలోని నందనూరులో 1925లో రైతు కుటుంబంలో పుట్టిన కృష్ణారెడ్డి శాంతినికేతన్‌లో చదివి పారిస్ వెళ్లారు. ఒకే రేకు మీద వేర్వేరు చిక్కదనాల రంగులు పూసి అచ్చు తీసే పద్ధతిని రూపొందించినవారిలో ఆయన ఒకరు. 1972లో పద్మశ్రీ వచ్చింది. ఆయన బొమ్మలను ఎవరైనా అటక ఎక్కించి ఉంటే?

లెక్కలు మానమని నేను చెప్పడం లేదు. మా అమ్మాయి ఇప్పటికీ ఆ గ్రూపులోనే చదువుతోంది. అయితే రంగుల పెట్టె కిందికి దిగింది. ప్లస్ టూ అయ్యాక చెన్నైలోని ప్రభుత్వ లలితకళల కళాశాలకు దరఖాస్తు పెడతామని మాట ఇచ్చాను. సీటు వస్తుందో రాదో చూడాలి. ప్రయత్నించనివ్వలేదన్న బాధ మాత్రం ఆమెకు ఉండదు.

తల్లిదండ్రులారా, మీ పిల్లలను ఒక్క ఆదివారం అక్కడికి తీసుకువెళ్లండి. సోమవారం రెండుచోట్లా సెలవు, గుర్తుంచుకోండి. పిల్లలు ఏ బొమ్మ ముందు ఆగుతారో గమనించండి. "పద, పొద్దుపోయింది" అని తొందర పెట్టకండి.